సుగ్గి సెలవులు

రామదాసు అయ్యవారు ఉన్నన్నాళ్ళూ భద్రమ్మ పొద్దున్నే వంకలోని చెలమకు రెండుసార్లు పోయేది. మొదటి కడవ ఇంటికి, రెండో కడవ బడికి. బడి వసారా మూలనున్న బానలో ఆమె నీళ్ళు పోస్తున్న చప్పుడు విని, "నిండిందా?" అని ఆయన ఇంట్లోంచే కేక వేసేవాడు. "నిండింది గానీ, పొద్దెక్కుతాంది, నువ్వు బిన్నా రా" అని ఆమె అనేది. అప్పుడు గానీ ఆయన చొక్కా తొడుక్కుని బయటికి వచ్చేవాడు కాదు. వసారా దూలానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఆమె ఇనుపకడ్డీతో టంగు టంగుమని కొడుతుంటే, ఆయన వీధి వెంట పోయి గడపగడప ముందరా నిలబడి పిల్లల్ని పేరుపెట్టి పిలుచుకొచ్చేవాడు. ముక్కు చీదించి, మొహం కడిగించి, చంకనెత్తుకొని తెచ్చిన పిల్లలు కూడా ఉన్నారు.

సెలవులని ఇప్పుడామె చెలమకు ఒక్కసారే పోతుంది. కడవ చంకన పెట్టుకొని వచ్చి, కాలికున్న అలవాటు చొప్పున బడి వసారా మెట్టెక్కుతుంది. బాన బోర్లించి ఉంటుంది. అక్కడ కాసేపు నిలబడి, మళ్ళీ మెట్టు దిగి, బడిని ఆనుకొని ఉన్న తన ఒంటిగది ఇంట్లోకి పోతుంది. పుష్యమాసం. పెద్దపండగ సెలవులు ఇంకా ముగియలేదు. ముగిసినా ఊళ్ళో పిల్లలు లేరు.

గుండ్లమిట్ట మీద పుష్యమాసంలో కోళ్ళ కూతలు కూడా తగ్గిపోతాయి. చెనిక్కాయ పెరకడం అయిపోయి, ఒలుపుడు అయిపోయి, గాదెలో ఉన్నదేదో ఉన్నంతవరకు తిని, ఇళ్ళకు ఇళ్ళే మూటలు కట్టుకొని సుగ్గికి పోతారు. సుగ్గి అంటే పంట పండిన సీమకు కోతలకు పోవడం. ముదిగుబ్బలో రైలెక్కి, ధర్మవరంలో మారి, బళ్ళారి దాటి తుంగభద్ర కాలువ కింద వరికోతలకు పోతారు. పిల్లా, ముసలీ, మేకపిల్లతో సహా. తలుపులకు తాళాలు ఉండవు. గడపకు అడ్డంగా కంపకొట్టి పోతారు. మళ్ళీ ఉగాదికి ముందర, తలల మీద వడ్లమూటలతో తిరిగొస్తారు.

ఈ సంగతి భద్రమ్మకు ఈ ఊరు వచ్చిన మొదటి ఏడే తెలిసింది. ఆమె పుట్టినిల్లు గుత్తికి దగ్గర ఒక మగ్గాలపల్లె. కండెలు చుట్టే ఇల్లు. ఆ ఇంట్లో ఆడపిల్ల పలక పట్టడం ఎవరూ చూడలేదు. పెళ్ళయ్యాక రామదాసు నేర్పితే తన పేరు, ఆయన పేరు రాయడం వచ్చింది. అంతకు మించి నేర్చుకొనే తీరిక ఆమెకూ లేకపోయింది, నేర్పే తీరిక ఆయనకూ లేకపోయింది. ఇద్దరు బిడ్డలు పుట్టి ఇద్దరూ నిలవలేదు. రెండో బిడ్డ పోయిన ఏడే, పందొమ్మిది వందల యాభై అయిదులో, రామదాసుకు గుండ్లమిట్ట బడికి బదిలీ అయింది. ఒక్క గది బడి, ఒక్క అయ్యవారు, పైన మట్టిమిద్దె.

ఆ ఏడు పెద్దపండగ సెలవులు అయిపోయాక, బడి తెరిచే దినాన, ఆమె రైలుపట్టా కొట్టింది. ఎవరూ రాలేదు. ఇంకా గట్టిగా కొట్టింది. రామదాసు వీధిలోకి పోయాడు. ఎంతసేపటికీ రాకపోతే ఆమె కూడా పోయి చూసింది. ఆయన ఆ వీధిలో ఉండే సుంకమ్మ గడప ముందర, అడ్డంగా పడేసిన తుమ్మకంపను చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ప్రతి గడపకూ కంపే.

"అందురూ పోయినారు అయ్యోరా. సుగ్గికి" అని ఊరిపెద్ద వెంకటప్ప అరుగు మీద నుంచి చెప్పాడు. "నీకు ఎవురూ చెప్పలేదా?"

"చెప్పలేదు పెద్దాయనా. పిల్లోళ్ళు కూడానా?"

"ఈడ ఇడ్చిపెట్టి పోతే వాళ్ళకు కూడెవురు పెడ్తారప్పా? నేనా?"

రామదాసు ఆ రెండు నెలలూ ఖాళీ బడిలో కూర్చున్నాడు. పిల్లలు తిరిగొచ్చి, రాసింది మరిచిపోయిన చేతులతో అక్షరాలు మళ్ళీ మొదటి నుంచి దిద్దడం మొదలుపెట్టేసరికి ఎండాకాలం సెలవులు వచ్చాయి. మళ్ళీ జూనులో మొదటి నుంచి దిద్దుడే.

ఏటా జూనులో పైనుంచి ఒక కాగితం వచ్చేది. ఆ ఏడు ఎప్పుడెప్పుడు బడి తెరవాలి, ఎప్పుడెప్పుడు మూయాలి అనేది అందులో ఉండేది. దసరాకు ఇన్ని, పెద్దపండగకు ఇన్ని, ఎండాకాలానికి ఇన్ని. రామదాసు దాన్ని తలుపు వెనక మేకుకు గుచ్చేవాడు. ఊరివాళ్ళు వచ్చి చదివించుకొనేవాళ్ళు. ఒకసారి అందులో, వానలు ఎక్కువగా పడితే అయ్యవారే సెలవు ఇచ్చుకోవచ్చని రాసి ఉంటే, వెంకటప్ప పొట్ట పట్టుకొని నవ్వాడు.

"వానొస్తే సెలవా! ఏమప్పా, ఈ కాగితం రాసినాయన ఏ సీమోడు? మనకాడ వానొస్తే వానదేవునికి పెండ్లికొడుక్కు చేసినట్ల ఊరేగింపు చేస్తాం."

"సుగ్గికి సెలవులు లేవా అన్నా ఇందులో?" అని సుంకమ్మ అడిగింది. చంకలో కూతురు ఆంజినమ్మ, అప్పటికి పాలుతాగే పిల్ల.

"లేవమ్మా."

"రాయకూడదా నువ్వు?"

ఆమె వేళాకోళానికే అడిగింది. రామదాసు మాత్రం నిజంగానే రాశాడు. ఎండాకాలం సెలవుల్లో సగం తీసి సుగ్గికి ఇమ్మని అర్జీ పెట్టాడు. సెలవులు జిల్లా అంతటికీ ఒకటేనని జవాబు వచ్చింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ అర్జీ పెట్టలేదు. సుగ్గి వచ్చినప్పుడు బడి మూసేశాడు. ఎండాకాలం వచ్చినప్పుడు తెరిచాడు. కాగితం మేకుకే ఉంది.

"ఎవురన్నా వస్తే?" అని భద్రమ్మ అడిగింది.

"ఎవురొస్తారే ఈ మిట్టకు? వచ్చినా పిల్లోళ్ళు చదువుతాండారా లేదా చూస్తారు గానీ, ఎప్పుడు చదివినారని చూస్తారా?"

అలా ఎండాకాలం బడి మొదలైంది. తెల్లవారకముందే రైలుపట్టా మోగేది. ఎండ అరుగు మీదికి పాకేసరికి బడి అయిపోయేది. భద్రమ్మ బానకింద తడి ఇసుక పోసి నీళ్ళు చల్లగా ఉంచేది. తక్కిన ఊళ్ళ అయ్యవార్లు భార్యాబిడ్డలతో అత్తగారిళ్ళకు పోయి మామిడిపళ్ళు తిని వచ్చే రోజుల్లో ఆమె ఈ మిట్ట మీద ఎండిన చెలమను గరిటెతో తోడేది. పుట్టింటికి పోవడం మానుకొంది. ఒక వైశాఖంలో ఆమె తల్లి మంచాన పడిందని కబురొచ్చింది. "బడి ఇంకొక వారం ఉండాది, పోదాంలే" అన్నాడు రామదాసు. పోయేసరికి తల్లిని ఎత్తుకుపోయారు. దానిమీద ఆమె ఆయనను ఒక్క మాట అనలేదు. ఆయన మాత్రం ఆ తర్వాత చాన్నాళ్ళు తనంతట తానే పోయి కడవతో నీళ్ళు తెచ్చేవాడు.

మరి బడి ఎప్పుడు తెరుస్తారో ఊరికి ఎట్లా తెలిసేదంటే, దానికి భద్రమ్మే గుర్తు పెట్టింది. అది ఆమె పెట్టాలని పెట్టింది కాదు. ఎన్నాళ్ళు మూసినా, తెరిచే ముందు దినం నల్లబల్లకు నలుపు పెట్టాలి. తుమ్మబొగ్గు దంచి, మిట్ట మీద పెరిగే ఉమ్మెత్తాకు తెచ్చి, ఒక పగిలిన రోటిలో రెండూ కలిపి నూరి, గుడ్డతో బల్లంతా పూసి, వీధివైపు తిప్పి బడి గోడకు ఆనించి ఎండలో ఆరబెట్టేది. అది చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పేవాళ్ళు. "బల్ల ఆరబెట్టినారు." అంటే రేపు బడి. తేదీలు తెలియని ఊరికి అదే తేదీ. సుగ్గి నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళు మూటలు దించకముందే బడి గోడవైపు చూసేవాళ్ళు. మేకల వెంట పోయిన పిల్లలు మిట్ట మీద నుంచే ఆ నలుపు చూసి, మర్నాడు మేకలను పెద్దవాళ్ళకు అప్పగించి వచ్చేవాళ్ళు.

ఉమ్మెత్తాకు విషం గదా. ఆ రోలు ఇంట్లోకి రానిచ్చేది కాదు. నూరిన తర్వాత చేతులు మట్టితో మూడుసార్లు తోముకొనేది.

"ఏమమ్మా అయ్యోరమ్మా, ఉమ్మెత్తాకు నూరుతాండావు! అయ్యోరి మీద కోపమొచ్చిందా?" అని వెంకటప్ప పోతూ పోతూ అనేవాడు.

"ఆయప్పకైతే ఇంత నూరల్లనా మామా? చిటికెడు చాలు."

రామదాసు లోపల నుంచి, "వింటాండా నేను" అనేవాడు.

ఇట్లా ఆరేళ్ళు జరిగింది. ఆంజినమ్మ చంకలోంచి దిగి, నడిచి, బడికి వచ్చి, రెండో తరగతికి వచ్చింది. వాళ్ళ వీధిలో చదవడం వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. బళ్ళారి రైలుస్టేషన్లో గోడల మీద రాసిన తెలుగు ముక్కలన్నీ కూడబలుక్కొని చదివి, కూలివాళ్ళ గుంపుకు చెప్పిందని సుంకమ్మ వచ్చి చెప్పుకొంటే రామదాసు ఆ పొద్దు రెండు ముద్దలు సంగటి ఎక్కువ తిన్నాడు.

ఆ మరుసటి మాఘమాసంలో ఇన్‌స్పెక్టరు జీపు వచ్చింది.

బడికి తాళం. రామదాసు ఇంటి ముందర కూర్చొని చెప్పు కుట్టుకుంటున్నాడు. జీపు చూసి సూది చేతిలోనే పెట్టుకొని లేచాడు. దాచకుండా ఉన్నదంతా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేమీ కాదు. భద్రమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు. కంపకొట్టిన గడపలు చూసి వచ్చాడు.

"నువ్వు చేసేది తప్పని నేననను రామదాసూ. కానీ నేను వచ్చిన రోజు బడి మూసి ఉంది. అదే రాయాలి. వచ్చే ఏడు ఇదే మాసంలో మళ్ళీ వస్తాను. బడి తెరిచి ఉండాలి, లోపల పిల్లలు ఉండాలి. లేకుంటే ఈ బడి ఎత్తేసి వంక అవతలి బడిలో కలుపుతారు. అప్పుడు నేను కూడా ఏమీ చేయలేను."

వంక అవతలి బడికి పెద్ద మగపిల్లలు నలుగురైదుగురు పోగలరేమో. ఆంజినమ్మ లాంటి ఆడపిల్లలు అంత దూరం పోలేరు. వాళ్ళను పంపరు కూడా. ఆ సంగతి జీపులో కూర్చున్నాయనకూ తెలుసు, కింద నిలబడ్డాయనకూ తెలుసు.

ఆ ఏడంతా రామదాసు నవ్వడం తగ్గించాడు. పుష్యం వచ్చింది. జనం మూటలు కట్టుకొంటున్నారు. "బల్లకు నలుపు పెట్టు" అన్నాడు భద్రమ్మతో.

"ఇప్పుడా? అందురూ పోయేటప్పుడా?"

"అందుకే. పొయ్యేవాళ్ళు చూసి పోవల్ల."

"చూసి ఏం చేస్తారయ్యా? కడుపులు కట్టుకొని ఉంటారా?"

"పెద్దోళ్ళను ఉండమంటానా? పిల్లోళ్ళను మనకాడ ఇడ్చిపెట్టి పొమ్మంటా. నువ్వు ఇంత గంజి కాయలేవా?"

ఆమె కాయగలదు. కానీ ఆమె చెయ్యి ఆడలేదు. బల్ల ఆరబెట్టడమంటే ఊరికి మాట ఇవ్వడం. రేపు బడి ఉంటుంది, మీ పిల్లల్ని పంపండి అని. పంపే పిల్లలే రైలెక్కుతుంటే ఆ మాట ఎవరికి ఇవ్వాలి? అయినా నూరింది. పూసింది. గోడకు ఆనించింది.

ఊరు నమ్మింది. అంత నమ్ముతుందని ఆమె అనుకోలేదు. మూటతో వీధిలోకి వచ్చిన సుంకమ్మ బల్లను చూసి ఆగిపోయింది.

"ఇదేందక్కా, బల్ల ఆరబెట్టినావు?"

"రేప్పొద్దున బడి, సుంకమ్మా."

సుంకమ్మ బల్లను చూసింది, బిడ్డను చూసింది. ఇన్నేళ్ళలో ఆ బల్ల ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. మూట దించి, అందులోంచి ఆంజినమ్మ పావడ, దువ్వెన తీసి భద్రమ్మ చేతికి ఇచ్చింది. "పేలు ఉండాయి, చూసుకో అక్కా" అని, బిడ్డ మొహం చూడకుండా నడిచింది. ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా అట్లాగే వదిలిపోయారు. తక్కినవాళ్ళు, "మేం ఉండలేం అయ్యోరా, మమ్మల్ని ఏమనొద్దు" అని తల దించుకొని పోయారు.

ఆ కొద్దిమందితో బడి నిండదు. మాఘం దగ్గరికి వస్తోంది. ఒకనాడు పొద్దున్నే రామదాసు తుండుగుడ్డలో నాలుగు రొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి కట్టించుకొన్నాడు.

"యాడికి?"

"బళ్ళారి పక్కకు. కాలువ కింద యాడున్నారో చూసి, ఇంకొంతమంది పిల్లోళ్ళను పిల్చుకొనొస్తా."

"నువ్వు అడిగితే ఇస్తారా?"

"ఈడ ఇయ్యలేదు. ఆడ కడుపు నిండినాక ఇస్తారేమో."

ఆయన లేని నాళ్ళలో భద్రమ్మే రైలుపట్టా కొట్టి, ఉన్న పిల్లల్ని కూర్చోబెట్టింది. చదువు చెప్పడం ఆమెకు రాదు. ఆంజినమ్మ గట్టిగా చదువుతుంటే తక్కిన పిల్లలు వెంట అనేవాళ్ళు. భద్రమ్మ గడపలో కూర్చొని పేలు చూసేది. చెప్పాలంటే ఆమె జన్మలో అంత నిండుగా ఉన్న రోజులు అవే. పొద్దున ఎవరో ఒకరు ఆమె కొంగు పట్టుకొని లేచేవాళ్ళు.

పక్షం దాటినాక రామదాసు తిరిగొచ్చాడు. వెంట అరడజను మంది పిల్లలు. ఇద్దరిని చెరో భుజాన ఎత్తుకొని ముదిగుబ్బ నుంచి నడిచాడంట. పిల్లల్ని దించి, బానలో నీళ్ళు తాగి, "చలిగా ఉండాదే" అన్నాడు. నడినెత్తిన ఎండ.

కాలువ నీళ్ళున్న చోట దోమలుంటాయి. ఆ చలిజ్వరం ఆ సీమవాళ్ళకు అలవాటే. మిట్ట మీద పుట్టి పెరిగిన మనిషికి అలవాటు లేదు. ముదిగుబ్బ నుంచి డాక్టరు మాత్రలు పంపాడు. జ్వరం దిగేది, మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడు మంచం గోడకు కొట్టుకొనేంత వణికేవాడు. అంత వణుకులోనూ, గోడ అవతలి నుంచి పిల్లల చదువు ఆగిపోతే, "ఏమాయ? యాల ఆపినారు?" అని అడిగేవాడు.

అదే వారంలో జీపు వచ్చింది. బడి తెరిచి ఉంది. లోపల పిల్లలు ఉన్నారు. ఇన్‌స్పెక్టరు తలలు లెక్కపెట్టుకొని, రాసుకొని, "అయ్యవారేడమ్మా?" అన్నాడు. ఆమె ఇంట్లోకి తీసుకుపోయింది. ఆయన మంచం పక్కన చాలాసేపు నిలబడ్డాడు. "బడి ఉంటుంది రామదాసూ" అని మాత్రం అన్నాడు. రామదాసు లేవబోయి లేవలేక చేతులెత్తి దండం పెట్టాడు.

రెండు దినాలకు, పొద్దున పిల్లలు మొహాలు కడుక్కొనే వేళకు పోయాడు.

ఊళ్ళో మోయడానికి సరిపడా మగవాళ్ళు లేరు. వెంకటప్ప పక్క పల్లెల నుంచి మనుషుల్ని పిలిపించాడు. పిల్లలు, వాళ్ళ తల్లులెవరూ దగ్గర లేకుండా, వసారాలో ఒకరినొకరు పట్టుకొని కూర్చున్నారు. ఆ పొద్దు వాళ్ళకు గంజి కాచింది కూడా భద్రమ్మే. ఇంకెవరున్నారు?

ఉగాదికి ముందర ఊరు తిరిగొచ్చింది. సుంకమ్మ తల మీది వడ్లమూటతోనే బడి ముందరికి వచ్చి కూలబడింది. "నా బిడ్డను పెట్టుకున్నందుకా అన్నా? నేను ఇడ్చిపెట్టి పోయినందుకా?" అని రొమ్ము కొట్టుకొని ఏడ్చింది. ఆంజినమ్మ తల్లి పక్కన నిలబడి, ఏం చేయాలో తెలియక, చెదిరిన వడ్లు ఏరింది.

ఊరు భద్రమ్మను పొమ్మనలేదు. "యాడికి పోతావమ్మా? నీ బడికాడ నువ్వుండు" అన్నాడు వెంకటప్ప. పుట్టింట్లో తల్లి లేదు. ఆమె ఉండిపోయింది. బడి ఊడ్చి, బడి బానకు నీళ్ళు పోసి, ఊరు పెట్టింది తిని. కొత్త అయ్యవారు వచ్చాడు, రామకృష్ణయ్య అని గుత్తి అంగళ్ళ వీధి కోమట్ల పిల్లవాడు, ఇంకా పెళ్ళి కాలేదు. ముదిగుబ్బలో గది తీసుకొని సైకిలు మీద వచ్చేవాడు. నెమ్మదస్తుడు. కాగితంలో ఉన్న తేదీన ఎండాకాలం సెలవులు ఇచ్చాడు. కాగితంలో ఉన్న తేదీన తెరిచాడు. పిల్లలు ఎండాకాలమంతా మేకల వెంట తిరిగారు. ఎవరూ ఏమీ అనలేదు.

మళ్ళీ పుష్యం. ఈసారి ఒక్క తల్లి కూడా పిల్లను వదిలి పోలేదు. సుంకమ్మ రైలుకు పోతూ బడి ముందర ఆగింది. ఆంజినమ్మ పలకను పావడలో చుట్టి చంకలో పెట్టుకొని ఉంది.

"ఈ తూరి నా బిడ్డను ఇడ్చిపెట్టను అక్కా. నీ మీద అపనమ్మకం గాదు."

"తెలుసులే సుంకమ్మా."

"ఒక్కటే చెప్తా. మేం వచ్చిందాకా బల్ల ఆరబెట్టొద్దు. ఎవురన్నా వచ్చి బడి తెరిచినారని చెప్తే ఈ పిల్ల ఆడ నిలవదు. పోయినేడు బల్ల చూసి ముందర నిలిచిపోయింది ఇదే. ఇప్పుడు ఎవురూ పిలవకున్నా లేచి వస్తాది."

పండగ సెలవులు రేపటితో ముగుస్తాయనగా రామకృష్ణయ్య సైకిలు మీద వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, "అమ్మా, ఎల్లుండి బడి తెరవాలి. రేపు బల్లకు నలుపు పెట్టించమ్మా" అన్నాడు. భద్రమ్మ చాటలో జొన్నలు చెరుగుతూనే ఉంది. ఆయన దాన్ని సరే అనుకొని పోయాడు.

మర్నాడు పొద్దున ఆమె చెలమకు పోయి ఒక్క కడవ తెచ్చుకొంది. దారి పక్కన ఉమ్మెత్త చెట్లు తెల్లటి పూలతో నిలబడి ఉన్నాయి. ఆగింది. ఒక ఆకు తుంచి, వాసన చూసి, పారేసింది. పొయ్యిలో తుమ్మబొగ్గు ఉంది. దాని మీదే కూడు వండుకొంది. బడిగది తెరిచి కసువు ఊడ్చింది. గోడకు చేరగిలబడి ఉన్న నల్లబల్ల మీద సుద్ద తెల్లతెల్లగా పేరుకొని, అక్కడక్కడా చెక్క బయటపడి, ముసలి ఎనుము వీపులా ఉంది. దాని చుట్టూ ఊడ్చింది. దాన్ని ముట్టలేదు.

మధ్యాహ్నం వాలాక రామకృష్ణయ్య వచ్చాడు. గోడ ముందర బల్ల కనిపించలేదు. లోపలికి పోయి చూసి బయటికి వచ్చాడు.

"మరిచిపోయినావా అమ్మా?"

"లేదు సామీ."

"ఒళ్ళు బాగలేదా? ఆకు చెప్పు, నేను తెస్తా."

"ఒళ్ళు బాగానే ఉండాది. రేపు ఎవురిని పిలుస్తావు నాయనా హాజరు? గోడలనా?"

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఎదురు వీధిలో గడపలన్నిటికీ కంపలు. ఒక కుక్క ఒక గడప ముందర పడుకొని ఉంది, ఇంటివాళ్ళు వస్తారని.

"తెరిచి కూర్చుంటే నెల తిరిగేసరికి పిల్లలు లేరని పైకి పంపాలి. అప్పుడు బడి ఎత్తేస్తారు" అన్నాడు, ఎవరికో లెక్క చెబుతున్నట్టు. "మూసి పెడితే నన్ను తీసేస్తారు. ఏం చేయమంటావమ్మా నన్ను?"

"ఆయప్ప కూడా ఇదే మాట అడిగినాడు నన్ను, పోయినేడు. ఈ అరుగు మీదనే. నేను వద్దని గట్టిగా అనలేదు. ఆయప్ప చెప్పింది చేసినా." చాట పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకొంది. "బల్ల ఆరబెట్టి నేను పిలవబట్టే గదా నాయనా ఆ పిల్లోళ్ళు నిలిచింది. వాళ్ళు చాలలేదనే గదా ఆయప్ప బళ్ళారి పక్కకు పోయింది."

"అట్లా అనుకోకమ్మా."

"అనుకోకుండా ఎట్ల ఉండేది? నీళ్ళకు పోయేటప్పుడు అనుకుంటా, వచ్చేటప్పుడు అనుకుంటా." ఆమె గొంతు పెరగలేదు. "బడి తాళంచెవి ఇయ్యమంటే ఇస్తా. నువ్వు తెరుచుకో. ఆ బల్లకు మాత్రం నేను నలుపు పెట్టను."

రామకృష్ణయ్య తల ఎత్తి వసారా పైకప్పు చూశాడు. దూలం పక్కన మట్టి జారి ఆకాశం సన్నగా కనబడుతోంది.

"ఈ మిద్దె మీద వాన దిగకుండా చౌడుమట్టి తోలించి ఎన్నేళ్ళయిందమ్మా?"

"అయ్యోరు వచ్చిన కొత్తల్లో తోలించినాడు."

"పిల్లల నెత్తిన పడితే ఎవరు జవాబుదారీ? బాగుచేయించేదాకా తెరవలేనని రాస్తాను. మనుషులు దొరకాలి గదా చౌడు తోలేదానికి."

"మనుషులంతా సుగ్గికి పోయినారు సామీ."

"అదే. వాళ్ళొచ్చినాకనే."

"వానలు కూడా లేవు, ఇప్పుడు కురిసి తడిసేకి" అంది భద్రమ్మ. ఆయనకు నవ్వొచ్చింది. ఆమెకూ పెదవి కదిలింది. అంతలోనే ఆయన మొహం మళ్ళీ చిన్నబోయింది. చిన్నవాడు. ఉద్యోగం కొత్త. జీపు వస్తే ఈ మాట నిలుస్తుందో లేదో ఇద్దరికీ తెలియదు.

సైకిలు తీసుకొని, తాళంచెవి అడగకుండా, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు. సైకిలు మిట్ట దిగేదాకా ఆమె చూసింది.

ఇంకా పొద్దుంది. బల్ల ఆరబెట్టడానికి సరిపోయేంత ఎండ బడి గోడ మీద అట్లాగే ఉంది. ఏటా ఆమె బల్లను ఆనించే చోట రెండు కాళ్ళకూ రెండు గుంటలు పడి ఉన్నాయి. పగిలిన రోలు గోడ వెనక బోర్లించినట్టే ఉంది. దాని మీద కోడి ఒకటి ఎక్కి కూర్చుంటే అదిలించను కూడా లేదు. గుంటల పక్కనే, గోడకు వీపు ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఆ చేతులకు మసి లేదు.